విలియం కూపరు కవి చరిత్రము: ప్రాయశ్చిత్తమే పునాదిగా గల ప్రార్థన

క్రైస్తవుడు ప్రార్థన చేయునపుడు తన పుణ్యమును జూపి యేమియు నడుగడు. యేసుక్రీస్తు సిలువమీద మానవుల పాపములకు ప్రాయశ్చిత్తముగా ప్రాణ మర్పించెననియు, ఆ బలినిబట్టియే దేవుడు పాపి మొఱ నాలకించుననియు నమ్మి, ఆ నమ్మికను పునాదిగా జేసికొని యాతడు నోరు విప్పును. ప్రార్థన తుదను క్రీస్తు నామమున నడుగుచున్నామని చేర్చుట కిదియే కారణము. ఈ సిద్ధాంతమునుగూర్చి రాజా రామమోహనరాయలవారికిని శ్రీరామపురపు మిషనరీయగు మార్ష్మను గారికిని 1820 మొదలు 1823 వఱకు జరిగిన వాదము చదువరులలో బెక్కుర కెఱుకపడినదే. అయినను వాదమువలన సిద్ధాంతముయొక్క యెముకలు తెలియునుగాని ప్రాణము తెలియదు. దానిని నిజముగా నమ్మి బ్రదికినవాని జీవితమును జూచినగాని, యది మనుష్యున కేమి యిచ్చునో, యేమి యీయజాలదో బోధపడదు. అందుచేత నిచట విలియం కూపరను నాంగ్లకవి చరిత్రమును వ్రాయ బూనితిని. క్రీస్తురక్తముచేత పాపక్షాళనమగుటనుగూర్చి యాతడు రచించిన గీతము ప్రపంచములోని ప్రొటెస్టంటు మందిరములం దెల్లను బాడబడుచున్నది. తెలుగుదేశపు క్రైస్తవులును దానిని తెలుగుమాటలతో బాడుకొనుచున్నారు. అంతటి గీతమును రచించినవాడు తన జీవితములోని కడపటి యిరువదియేడు సంవత్సరములు దేవాలయమున నారాధనకు గూర్చుండలేదన్న సంగతి, దానిని బాడువారిలో నెందఱికి దెలియునో నేనెఱుగను.

కూపరు 1731 వ సంవత్సరము నవంబరునెలలో ఇంగ్లండునందలి బర్ఖంస్టెడ్డను నూర జన్మించెను. తండ్రి యా యూరి దేవాలయపు గురువు. వంశము న్యాయశాస్త్రమున బేరుమోసినది. పెద్దతాత యొకడు లార్డు ఛాన్సెలరుపదవి నలంకరించెను. ఆఱేండ్లు నిండకమునుపే బాలునకు దల్లి చనిపోయెను. పిమ్మట నాతని నుంచిన పాఠశాలలో నొక పెద్దపిల్లవాడు పెట్టిన బాధలకు వెఱచి, వాని మొగ మెత్తిచూడనైన ధైర్యము చాలక, చెప్పుల కొక్కెములనుబట్టియే వానిని గుర్తించుచుండెనట. తరువాత వెస్టుమినిస్టరు పాఠశాలలో జదివెను. మన దేశచరిత్రమున జిరపరిచితులైన వారన్ హేస్టింగ్సును, కలకత్తా సుప్రీముకోర్టు మొదటి ప్రధానన్యాయాధిపతి యిలైజా ఇంపేయు నచట నాతని సహాధ్యాయులు. అటుపిమ్మట నొక సొలిసిటరు కార్యాలయమున బనినేర్చుచున్నపుడు, ముందునకు లార్డు ఛాన్సెలరు కాబోవు తర్లో యాతని తోడిగుమాస్తా. తోడివారు నిచ్చెనమెట్లెక్కిపోయిరి. కూపరు 1754 లో బారిష్టరు పట్టము పొందెనుగాని కక్షిదారుల మొగము చూచినది లేదనియే చెప్పవచ్చును. పినతండ్రి కూతురు థియొడోరాను ప్రేమించెను. ఆమె తండ్రి యా పెండ్లి కొప్పుకొనలేదు. పట్టమునకు గొంచెము ముందే యాతని కకారణమైన యొక మనోవ్యాధి పొడచూపి సుమా రేడాది బాధించెను. మతచింత యాతనియందు వేరూనక పూర్వమే యీ వ్యాధి పుట్టినదను విషయమును చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. ముందు దీనితో బని కలదు.

1763 లో ప్రభువులసభయొక్క కార్యవివరగ్రంథములను భద్రపఱచు గుమాస్తాపదవి ఖాళీ యయ్యెను. ఆ నియామకాధికార మాతని బంధు వొకనిది. చేతిసొమ్ము తఱుగుచున్న కూపరు సంతోషముతో నంగీకరించెను. అంతలో నా యధికారమునుగూర్చి కక్ష లేచి, అభ్యర్థి సభయెదుట నిలిచి పరీక్ష యీయవలసివచ్చెను. అది పెద్దపరీక్షయు గాదు. కాని పదిమంది కన్నులయెదుట నిలుచుటయే యాతనికి మరణప్రాయము. న్యాయస్థానమున మొదటిసారి నోరు విప్పవలసిన దినమున కాళ్లు వడకని న్యాయవాది యుండడు. ఆ వడకు ఘడియలో దీఱిపోవును. కూపరునకది నెలలు నిలిచెను. ప్రతిదినమును కచేరికి బోయి గ్రంథములు తిరుగవేసెనుగాని యొక్కయక్షరమును దల కెక్కలేదు. దినము సమీపించినకొలది మతి చలించి, పలుమాఱులు ప్రాణత్యాగమునకు దెగించి, ప్రతిపర్యాయమును బ్రదికి బయటపడెను. పదవి చేజాఱెను. భయము మాత్రము పోలేదు, రూపు మార్చుకొనెను. మనుష్యసభయెదుట నిలువజాలనివాడు దైవన్యాయస్థానమున నిలిచినట్లు భావించి, తన నేరమునకు దానే శిక్ష చెప్పుకొనెను. తాను చేసిన యాత్మహత్యాప్రయత్నమే క్షమింపరాని పాపముగా గనబడెను.

ఆ సమయమున నాతని జ్ఞాతియు బోధకుడునగు మార్టిన్ మేడన్ వచ్చి మంచముచెంత గూర్చుండి, మానవులందఱును బుట్టుకతోనే పాపులనియు, ఎవనికిని స్వకీయపుణ్యము చాలదనియు, క్రీస్తుబలియే సర్వపాపములకును బ్రాయశ్చిత్తమనియు నోపికతో బోధించెను. ఇందు కూపరున కూఱట గలిగించిన భాగమేదియో గమనింపదగినది. లోకములో దానొక్కడే వెలివేయబడితినని యేడ్చుచున్నవానికి, అందఱు నా పంక్తిలోనివారే యని చెప్పుటతో, తన స్థితి తక్కినవారి స్థితితో సమానమై కొంత తేలికపడినట్లు తోచెను. ఈ సంగతి నాతడే స్వీయచరిత్రమున వ్రాసికొనెను. జన్మపాపవాదము మనుష్యుని గ్రుంగదీయునని మనలో బలువురు వాదింతుము. ఇచ్చట నది క్రుంగినవాని నించుక లేవనెత్తినది. నిజమును నిజముగా నొప్పుకొనవలెను గదా!

ఆ యూఱట నిలువలేదు. 1763 డిసెంబరులో నాతని సెయింటు ఆల్బన్సు పట్టణమున నెథానియేలు కాటన్ అను వైద్యుని చిత్తచికిత్సాలయమున జేర్చిరి. ఆ కాలపు పిచ్చియాసుపత్రులు సంకెళ్లకును గొరడాలకును బేరువడినవి. ఈ వైద్యుడు మాత్రము దయాళువు, భక్తుడు. తాను సయితము కవి. నెలలు గడచిన పిమ్మట నొకనాడు తోటలో బల్లమీద బైబిలు కనబడగా, కూపరు తెఱచి లాజరును బ్రతికించిన యధ్యాయమును జదివి, యేసుని కనికరమునకు మనసు కరగెను. 1764 జూలైలో మఱల నొకదినము కిటికీకడ గూర్చుండి యా గ్రంథమునే విప్పగా, రోమాపురసంఘమునకు పౌలు వ్రాసిన పత్రికలో మూడవ యధ్యాయపు టిరువదియైదవ వాక్యము కంటబడెను. క్రీస్తును దేవుడే ప్రాయశ్చిత్తముగా నిలువబెట్టెననియు, విశ్వాసముచేత దాని ఫలము లభించుననియు నా వాక్యముయొక్క భావము. క్షణములో చీకటి విడిపోయెను. ఆనందబాష్పములతో మాట పెగలక యాతడు వివశుడైన స్థితిని జూచి, యింత హఠాత్తుగా గలిగిన సంతోషము మఱల నున్మాదముగా బరిణమించునేమోయని వైద్యుడు భయపడెను. అట్లు కాలేదు. ఆ తరువాత సుమా రొకసంవత్సర మచటనే నిలిచి, స్వస్థుడై 1765 జూనులో వెలుపలికి వచ్చెను.

ఆ వాక్యములో నాతడు కనుగొన్న దేమి? మన వృత్తిభాషలో జెప్పవలెనన్న, తీర్పజాలని ఋణమునకు వేఱొకడు పూచీపడి, పైకమంతయు జెల్లించి, ఫారఖతు వ్రాయించి యుంచినాడని యాతడు తెలిసికొనెను. ఋణగ్రస్తుడు చేయవలసినదెల్ల నా పత్రమును నమ్మి చేతబట్టుటయే. నిన్నటివఱకు నేరస్థునివలె దాగుకొన్నవాడు నేడు తలయెత్తి న్యాయాధిపతియెదుట నిలువవచ్చును, అడుగవచ్చును, తండ్రీ యని పిలువవచ్చును. ప్రార్థనకు బ్రాయశ్చిత్తము పునాది యనుటలోని యర్థ మిదియే. మనుష్యుని దినదినపు మనస్థితినిగాని, మంచిచెడుగులనుగాని యా పునాది యాశ్రయించి యుండదు. ఒక్కమాఱు జరిగిపోయిన కార్యముమీద నది నిలిచియున్నది. చంచలచిత్తుడైన కూపరువంటివాని కింతకంటె స్థిరమైనచోటు మఱియేది దొరకును?

హంటింగ్డనులో నాత డన్విన్ అను గురువుగారి కుటుంబముతో గలిసి నివసింపసాగెను. ప్రాతఃకాలమున వేదపఠనము, రెండుపూటల దేవాలయసేవ, తోటలో నడక, సాయంకాలము గీతములు, నిద్రకు ముందు కుటుంబప్రార్థన: ఇట్లు దినములు గడచెను. 1767 లో అన్విన్ గారు గుఱ్ఱముపైనుండి పడి మృతినొందగా, ఆయన భార్య మేరీ యన్వినును గూపరును ఓల్నీ గ్రామమునకు మకాము మార్చిరి. జాన్ న్యూటన్ అచటి దేవాలయపు టుపగురువు. ఇతడు పూర్వము బానిసవర్తకపు నావకు గప్తానుగా నుండి, ఆఫ్రికావారిని సంకెళ్లలో సముద్రము దాటించినవాడు. ఆ పాపమునుండి యీ ప్రాయశ్చిత్తమునందలి విశ్వాసమే తనను దేల్చెనని సాక్ష్యమిచ్చువాడు. లేసు అల్లికచే బొట్టపోసికొను నిరుపేదల గ్రామ మది. న్యూటనును గూపరును ఆ గుడిసెలకు దిరిగి, రోగులచెంత గూర్చుండి, ప్రార్థనలు నెఱపిరి. ప్రభువులసభలో నిలువజాలని కూపరునే ప్రార్థనసమాజములలో ముందుండి ప్రార్థింపుమని కోరుచుండిరి. అట్టిదినమున గొన్నిగంటలముందు మొదలే యాతని మనసు కలతపడెడిది. ప్రార్థన మొదలిడగానే యా వడకంతయు నణగిపోయెడిది. నా కీ చరిత్రమంతటిలో నింతకంటె నాశ్చర్యకరమైన విషయము లేదు. న్యూటనుతో గలిసి రచించిన ఓల్నీ గీతములు 1779 లో నచ్చుపడెను. మొత్తము 348 గీతములలో గూపరువి యఱువదికి బైగా గలవు.

1770 లో నాతని తమ్ముడు జాన్ కేంబ్రిడ్జిలో మరణావస్థ నుండెను. అతడు గురువే, గ్రీకుభాషాపండితుడు. కాని యన్న చెప్పు ప్రాయశ్చిత్తవాదమునం దంతగా విశ్వాసము లేనివాడు. కూపరు పడకచెంత నుండి పరిచర్య చేయుచు బ్రార్థించెను. చనిపోవుటకు గొలదిదినములముందు తమ్ముడును ఆ విశ్వాసమును బొంది శాంతుడై కన్నుమూసెను. ఆ మరణమును గూపరు దుఃఖముతోగాక కృతజ్ఞతతో వర్ణించి వ్రాసెను.

మూడేండ్లు గడచినవి. 1773 జనవరిలో వ్యాధి మఱల దిరుగబడెను. ఫిబ్రవరిలో నొకరాత్రి స్వప్నమున నొక మాట వినబడెను. తన పని తీఱిపోయినదనియు, తాను నశించితిననియు దాని తాత్పర్యము. ఆ మాట నాతడు దేవుని తీర్పుగా గైకొనెను. ఆ శరత్కాలమున మఱియొక భ్రమ పట్టుకొనెను: అబ్రహామును గుమారుని బలియిమ్మని యాజ్ఞాపించినట్లే, తన ప్రాణమును బలి యిమ్మని దేవు డాజ్ఞాపించినాడని. ఆతడు ప్రయత్నించెను, అది విఫల మయ్యెను. ఆ యాజ్ఞను నెఱవేర్పజాలకపోవుటయే తన క్షమింపరాని యపరాధమనియు, అది మొదలు ప్రార్థించు హక్కు తనకు బోయినదనియు నిశ్చయించుకొనెను. పరుని బలిమీద సర్వభారము వైచి బ్రదికినవాడు, తన్ను దాను బలి యీయలేదని తనను దోషిగా నెంచుకొనెను! న్యూటను తన యింట నాతనిని పదుమూడునెలలపాటుంచుకొని కాపాడెను. దేహము కోలుకొనెను, బుద్ధియు దక్కిన విషయములందు నిర్మలమయ్యెను, ఆ యొక్కతీర్పు మాత్రము మనసులో జెక్కుచెదరక నిలిచిపోయెను.

ఇచట సూక్ష్మముగా జూడవలసిన దొకటి గలదు. ప్రాయశ్చిత్తము జరుగలేదని కూపరెన్నడు నననే లేదు. 1785 లో బ్రకటించిన టాస్కు అను కావ్యమునందు సయితము, గాయపడి మందను విడిచిన జింకవంటి తనను, తానుగూడ బాణములచే గాయపడిన యొకడు కనుగొని బాణములను బెఱికి మాన్పెనని క్రీస్తునుగూర్చి కృతజ్ఞతతో వ్రాసెను. ఫారఖతు సత్యమే, ముద్ర సత్యమే, పైకము చెల్లుటయు సత్యమే. ఆ పత్రములో దన పేరు కొట్టివేయబడినదని మాత్ర మాతని నిశ్చయము. న్యూటనును మిత్రులును వారి మతసిద్ధాంతము ననుసరించియే యాతనితో వాదించిరి: దేవు డొకమాఱు చేపట్టినవానిని విడువడు గదా, నీవు చేపట్టబడినవాడవని నీయనుభవమే చెప్పుచున్నది గదా యని. ఆ నియమ మెల్లవారికిని వర్తించునుగాని తాను దాని కేకైకమైన మినహాయింపని యాతని ప్రత్యుత్తరము. మేడన్ మాట లాతని నూఱడించినది, తాను పదుగురిలో నొకడని చెప్పుటవలన. స్వప్న మాతనిని బడద్రోసినది, పదుగురిలో జేరనివాడవని చెప్పుటవలన. ఎంత గట్టిపునాదియైనను, దానిమీద నిలువదగినవాడను గానని నిశ్చయించుకొన్నవాని కేమి యుపయోగము?

ఇట్లు నిరాశలో మునిగినవాడు నిరుపయోగముగా గూర్చుండలేదు. కుందేళ్లను మూడింటిని బెంచెను, వడ్రంగము చేసెను, తోట వేసెను, జాన్ గిల్పిన్ గుఱ్ఱపుస్వారికథ వ్రాసి దేశమునంతటిని నవ్వించెను. హోమరు కావ్యముల రెంటి ననువదించి 1791 లో బ్రకటించెను. సంస్కారప్రియులకు ముఖ్యమైన విషయము, బానిసవర్తకమునకు విరుద్ధముగా 1788 లో నాతడు రచించిన పద్యములు. నల్లవాని నోటనే యాతని మొఱను బలికించి, ఇంగ్లండునందలి తేనీటిబల్లలకడ చక్కెర వాడువారి మనస్సాక్షిని గుచ్చిన పద్యము లవి. అదే సంవత్సరమున న్యూటనును తన పూర్వపాపము నొప్పుకొని యా వర్తకమును ఖండించుచు గ్రంథము ప్రకటించెను. 1807 లో బ్రిటిషుపార్లమెంటు దానిని నిషేధించునప్పటికి గూపరు గతించి యేడేండ్లయ్యెను. దేవుడు తన మొఱ వినడని నమ్మినవాడు, పరుల మొఱ వినుట మానలేదు.

తరువాతి కాలమున శామ్యూల్ టీడన్ అను ఓల్నీ బడిపంతులు తటస్థించెను. కూపరుకొఱకు దాను ప్రార్థించుచున్నాననియు, దానికి దేవునియొద్దనుండి ప్రత్యుత్తరములు వచ్చుచున్నవనియు నీ పంతులు చెప్పుచుండెను. కూపరును శ్రీమతి యన్వినును ఆ బీదవానికి గొంత జీతమేర్పఱచి, యాతని సందేశములను భక్తితో నందుకొనుచుండిరి. పంతులు ప్రోత్సాహమున గూపరు కొన్నాళ్లు రహస్యముగా బ్రార్థింపను యత్నించెను, ఫలము గానక విరమించెను. ఇది చదివి నవ్వువారు గలరు. నాకు నవ్వు రాదు. పట్టము పొందిన బారిష్టరు తన వ్యాజ్యెమును దాను వాదింపజాలక, పల్లెటూరి బడిపంతులకు వకాల్తా యిచ్చినాడు. క్రీస్తే తనకు మధ్యవర్తియని యొకప్పుడు వేలమందికి బాడి నేర్పినవాని కీ గతి పట్టినది.

1816 లో గూపరు స్వీయచరిత్రము ముద్రితమైనది మొదలు, ఆతనిని బిచ్చివానిని జేసినది ప్రాయశ్చిత్తసిద్ధాంతమే యని యొకపక్షమువారును, కాదు, ఆతనికి దక్కిన కొలదియేండ్ల సుఖ మా సిద్ధాంతమువలననే యని వేఱొకపక్షమువారును వాదించుచు వచ్చిరి. మొదటి పక్షమునకు మనవంటివారి మనసు సులభముగా మొగ్గును. కాని సాక్ష్యమును నిష్పక్షపాతముగా దూచినచో నా యభియోగము నిలువదు. వ్యాధి 1753 ప్రాంతముననే పుట్టినది. విశ్వాసము పదేండ్లపిమ్మట వచ్చినది. ఆ విశ్వాస మాతనికి దాదాపెనిమిదేండ్లు స్వస్థతయు, ధైర్యమును, పేదలసేవయు నిచ్చినది. పశ్చాత్తాపమే చాలునని రామమోహనరాయలవారు వాదించిరి. నేనును అట్లే నమ్ముదును. అయినను గూపరుతో నీవు పశ్చాత్తాపపడిన జాలునని చెప్పియుండిన, తన పశ్చాత్తాప మంగీకరింపబడదని యాతడు బదులు చెప్పియుండును. ఏ మతమువారి యూఱటయైనను నాతని చెవివఱకు బోయి, యటనుండి లోపలికి బోజాలకపోయెను. మతముపై మోపదగిన తప్పొక్కటి మాత్ర మున్నది. దేవుని దయకు గొందఱే పాత్రులని నిర్ణయింపబడినదను బోధ యొకటి యా కాలపు గాలిలో నుండెను. మినహాయింపు లుండవచ్చునని చెప్పు శాసనమును విన్న రోగి, ఆ మినహాయింపు తానే యని యనుకొనుటలో నాశ్చర్య మేమి?

మేరీ యన్విను పక్షవాతముచే దీసికొని తీసికొని, 1796 డిసెంబరులో నార్ఫోకుజిల్లా డీరహాములో బరమపదించెను. ముప్పదియేండ్లు తల్లివలె దనను గాపాడిన యామె మృతదేహమును జూచిన తరువాత, కూపరు మరల నామె పేరెత్తలేదని చెప్పుదురు. 1799 లో నాతడు కడపటి స్వతంత్రకావ్యమును రచించెను. తుపానులో నోడనుండి జాఱిపడిన నావికుడు కొంతసేపీది, తోడివా రెంత గోరినను ఓడను నిలుపజాలకపోగా మునిగిపోవుట యందలి కథ. కవి తన గతి యంతకంటె లోతైనదని చెప్పుకొనెను.

కడపటిదినములలో నాతని పోషించినవాడు జాన్ జాన్సను. ఇతడు తల్లివైపు జ్ఞాతి, చిన్నవాడు, తానును గురువే. మరణము సమీపించినపుడు, రక్షకుని కరుణనుగూర్చియు, రానున్న సుఖమునుగూర్చియు నాతడు మెల్లగా జెప్పసాగెను. అట్టి యూఱటమాటలు తనకు వలదని కూపరు బ్రతిమాలుకొనెను. జాన్స నూరకుండెను. 1800 సంవత్సరము ఏప్రిలు 25 వ తేదీని మధ్యాహ్నమువేళ గూపరు ప్రాణము విడిచెను. ఆ గదిలో నున్న జాన్సను తరువాత నొక సంగతి వ్రాసెను. ప్రాణము పోయిన పిమ్మట నా మొగమున బ్రశాంతతయు, దానితో గూడ నేదియో పవిత్రమైన యాశ్చర్యమును నిలిచినట్లు తనకు గనబడెనట. ప్రేమించినవాని కన్ను చూచిన దది. న్యాయస్థానమున నేను దానిని ప్రమాణముగా జూపజాలను, త్రోసివేయుటకును నాకు మనసొప్పదు. కూపరును మేరీ యన్విను సమాధి యున్న డీరహాము దేవాలయములోనే పాతిపెట్టిరి.